గాలిమర తిరిగే వైపు

సూరత్ శివారు భేస్తాన్‌లో ధన్‌సుఖ్ సేఠ్ కార్ఖానాలోకి కొత్తగా అడుగు పెట్టిన మనిషికి ముందు చెవులు పోతాయి. అరవై మగ్గాలు ఒక్కసారిగా తడతడలాడే ఆ చోట, మెట్ల కింద చిన్న గదిలో, ట్యూబులైటు వెలుగులో బల్ల ముందు కూర్చుని గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టే ఆడమనిషి పేరు భాగీరథి. చీరల మీద మనం చూసే పూలూ తీగలూ మామిడి పిందెలూ మగ్గానికి వాటంతట అవి తెలియవు. ఎవరో ఒకరు ఒక్కో పోగునూ కాగితం మీద లెక్కపెట్టి గీయాలి. ఆ కాగితాన్ని నక్షా అంటారు. నక్షా చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలను గొలుసులా కుట్టి మగ్గం నెత్తిన ఉండే జకార్డుకు ఎక్కిస్తారు. ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో ఆ అట్టలే చెబుతాయి. అంటే అరవై మగ్గాలకూ బుద్ధి చెప్పేది మెట్ల కింది బల్లే. ఈ సంగతి సేఠుకు బాగా తెలుసు, తెలిసినట్టు ఏనాడూ కనబడలేదు.

భాగీరథి సిరిసిల్ల దగ్గరి పల్లెలో పద్మశాలి ఇంట్లో పుట్టింది. పదహారేళ్ళకు దశరథంతో పెళ్ళయింది, పదిహేడేళ్ళకు సూరత్ రైలెక్కింది. దశరథం ఆ కార్ఖానాలో జాబరు. ఏ మగ్గం మొరాయించినా పానా పట్టుకుని పరుగెత్తే మనిషి. నక్షా బల్ల అప్పట్లో దశరథం మేనమామ నర్సింగంది. తన పని ఇంకొకరికి చెప్పే రకం కాదు ఆయన. కానీ కళ్ళకు పొరలు కమ్మి గళ్ళు కలిసిపోవడం మొదలయ్యాక గతిలేక కోడలిని పిలిచి, "నువ్వు లెక్కవెట్టు, నేను గీస్త" అన్నాడు. లెక్కపెట్టడం వరకే ఆమె పని. ఆమె లెక్కపెడుతూ పెడుతూ ముసలాయన చెప్పనివన్నీ చూసి లాగేసుకుంది. రెండేళ్ళకు ఆయన ఆపరేషన్ కోసం ఊరికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. అప్పటి నుంచి బల్ల భాగీరథిదే. ఆడమనిషి నక్షా వేయడమేమిటని ఒక ఏడాది నవ్వుకున్నారు, తర్వాత నవ్వడం మానేసి ఆమె గీసిన చీరలు నేసుకున్నారు.

అలా పదహారేళ్ళు గడిచాక, రెండు వేల నాలుగులో, కార్ఖానాకు కంప్యూటర్ వచ్చింది. దానికి పై అంతస్తులో ఏసీ గది కట్టించారు. దానితోపాటు ఒక ఆపరేటర్ కూడా వచ్చాడు. సేఠ్ భాగీరథిని పిలిచి చాలా మర్యాదగానే చెప్పాడు. సేఠ్ మాట్లాడేది హిందీ, గుజరాతీ కలిసిన భాష, మనం తెలుగులోనే చెప్పుకుందాం.

"భాగీబెన్, మార్చి దాకా బల్ల దగ్గర కూర్చో. తర్వాత కింద దారాలు కత్తిరించే చోటికి వెళ్ళు. నిన్ను పనిలోంచి తీసేయడం లేదు కదా."

తీసేసినా ఇంత బాధపడేది కాదేమో. పోగులు లేపి పడుకోబెట్టిన చేతులతో ఇక మిగిలిన దారపు కొసలు కత్తిరించాలి. భాగీరథి ఆ కోపంతోనే ఇంటికి వచ్చి అన్నం కలుపుతూ, "ఆ డబ్బాకు మొగ్గ ఏందో పువ్వు ఏందో ఎర్కనా?" అని దశరథం మీద అరిచింది. పాపం, కంప్యూటర్ కొన్నది దశరథం కాదు.

ఆ డిసెంబరులోనే హస్ముఖ్‌భాయ్ వచ్చాడు. సేఠుకు బంధువు. ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లండులో ఎల్డర్‌వెల్ అనే చిన్న పల్లెలో ఉంటున్నాడు. ఆ ఊరికంతటికీ ఉన్న ఒకే ఒక్క దుకాణం ఆయనదే, పోస్టాఫీసు కూడా అందులోనే. ప్రతి చలికాలం సూరత్ వచ్చి, పచ్చి జొన్నల పోంక్ తిని, ఫిబ్రవరి ఆఖరున తిరిగి వెళ్ళిపోతాడు. ఈసారి చేతిలో ఒక పాత ఫొటో, ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. ఫొటోలో ఆ ఊరి గాలిమర ఉంది. నాలుగు పెద్ద రెక్కలతో గాలికి తిరిగి గోధుమలు విసిరే మర. ఎనభై ఏళ్ళుగా పాడుబడి ఉన్న దాన్ని ఊరివాళ్ళే చందాలు వేసుకుని బాగు చేస్తున్నారట, జూన్‌లో మళ్ళీ తిప్పుతారట. ఆ రోజుకు తాను పుట్టిన ఊరి నుంచి తనను ఆదరించిన ఊరికి ఏదైనా ఇవ్వాలని హస్ముఖ్‌భాయ్ కోరిక. ఆ ఫొటోను అచ్చంగా గుడ్డ మీద నేయించి ఊరి హాల్లో గోడకు వేలాడదీయాలి. అక్షరాలేమీ వద్దు, కింద ఇత్తడి పలక పెట్టుకుంటామన్నాడు.

సేఠ్ ఆ ఫొటోను గర్వంగా ఏసీ గదికి పంపించాడు. ఆపరేటర్ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, మూడు రోజులు తంటాలు పడి, ఒక నమూనా నేయించాడు. గాలిమర కనబడలేదు. ఇడ్లీ పిండి ఒలికినట్టు ఏదో కనబడింది. కంప్యూటర్ తప్పు కూడా కాదనుకోండి, ఆ ఫొటో మసకబారి ఉంది, అందులో ఏ గీతను ఉంచాలో ఏది వదలాలో మనిషే తేల్చాలి. సేఠ్ ముఖం మాడ్చుకుని ఫొటోను పుస్తకంతో సహా మెట్ల కిందికి పంపాడు.

"ఇది కుదిరితే బల్ల సంగతి మళ్ళీ ఆలోచిద్దాం. కుదరకపోతే మార్చి అన్నాను కదా," అన్నాడు.

భాగీరథికి కావలసింది ఆ ఒక్క మాటే.

పుస్తకం ఆ ఊరి చరిత్ర. ఊరివాళ్ళే రాసుకున్నది. పదకొండో తరగతి చదివే కూతురు రుచిత దాన్ని రోజూ సాయంత్రం వంటింట్లో చదివి తెలుగులో చెప్పేది. వెనకటికి నలభై గడపల ఊరు, ఒక చర్చి, ఒక నీటి గుంట, గుట్ట మీద గాలిమర. ఒకప్పుడు ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లో మగ్గం ఉండేదట. దూరపు పట్నంలో యంత్రాల మగ్గాలు రాగానే ఇంటి మగ్గాలు మూలబడ్డాయట, పడుచువాళ్ళంతా మూటలు కట్టుకుని పట్నం మిల్లులకు పోయారట, నలభై గడపలు పంతొమ్మిదయ్యాయట.

భాగీరథి చపాతీ కర్ర పట్టుకుని అలాగే ఉండిపోయింది. "బిడ్డా, గది మన ఊరి కతే గద! గాళ్ళు గూడ సాలోళ్ళేనా?"

"మనలెక్కనే అమ్మా. తెల్లగుంటరు, గంతే," అంది రుచిత.

అప్పటి నుంచి ఆ ఊరు భాగీరథికి పరాయి ఊరు కాకుండా పోయింది. పుస్తకంలో ఆమెను బాగా పట్టుకున్నది ఇంకో సంగతి. ఎల్డర్‌వెల్ మర రెక్కలు ఎప్పుడూ ఎడమ వైపుకే తిరుగుతాయి, గడియారం ముల్లుకు ఎదురుగా. ఒకసారి తుఫాను గాలి వెనక నుంచి కొట్టింది. రెక్కలు ఉల్టా తిరిగాయి. లోపలి చక్రాలు విరిగిపడి మర నడిపే మనిషి తమ్ముడు చనిపోయాడు. నూట నలభై ఏళ్ళయినా ఆ ఊళ్ళో పిల్లవాడు బొమ్మ గీసినా సరే, మర ఉల్టా గీస్తే పెద్దవాళ్ళు చింపేస్తారట.

గాలిమర ముఖం ఎన్నడూ చూడని మనిషి దాన్ని గీయడమెలా? ఫొటోలో ప్రతి రెక్కకూ ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క సన్నగా ఉంది, ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు. ఒక ఆదివారం ముగ్గురూ డుమస్ సముద్రతీరానికి వెళ్ళారు. దశరథం టమాటా భజియాల దగ్గర నిలబడిపోతే, భాగీరథి రంగు కాగితపు గాలిచక్రం ఒకటి కొని సముద్రపు గాలికి ఎదురుగా పట్టుకుంది. తిప్పింది, ఆపింది, మడతలు విప్పి మళ్ళీ మడిచింది. ఏ వైపు మడిస్తే చక్రం ఆ వైపుకు తిరుగుతోంది. రెక్క వెడల్పు ఏ పక్క ఉందో చూస్తే చాలు, ఆగి ఉన్న మర కూడా ఎటు తిరుగుతుందో చెప్పేయవచ్చు. పక్కన భజియాలు తింటున్న జనం ఈమెకేదో అయిందనుకున్నారు. అనుకోనివ్వండి. ఆ సాయంత్రం భాగీరథి ఇంటికి వచ్చి నాలుగు రెక్కలూ ఒక్క చెరుపు లేకుండా గీసింది.

నెలకు పైగా పట్టింది నక్షాకు. మర గోడ మీది ఇటుకలు, గుట్ట మీది గడ్డి, కుడి వైపున చర్చి, ముందున్న నీటి గుంటలో మర నీడతో సహా గళ్ళలోకి దింపింది. తర్వాత దాదాపు మూడు వేల అట్టలకు రంధ్రాలు కొట్టించి, ప్రతి అట్టనూ వెలుతురుకు పట్టి తానే సరిచూసింది. హస్ముఖ్‌భాయ్ విమానం రెండు రోజులు ఉందనగా దశరథం మంచి మగ్గం ఒకటి ఖాళీ చేయించి అట్టలు ఎక్కించాడు. తెల్ల పడుగు, నల్ల పేక. మగ్గం మీద గుడ్డ వెనక వైపే పైకి కనిపిస్తుంది, ముఖం కిందికి ఉంటుంది, జకార్డు పని అంతా అంతే. పైనున్న వెనక వైపు తెల్లదంతా నల్లగా, నల్లదంతా తెల్లగా కనిపిస్తున్నా మర మాత్రం చక్కగా లేచి నిలబడుతోంది. గుడ్డ కోసి, తిప్పి, బల్ల మీద పరిచారు.

కార్ఖానాలో చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళంతా మూగారు. ఇటుక ఇటుకా కనబడుతోంది. ఆపరేటర్ కూడా నోరు తెరిచి చూశాడు. సేఠ్ చేతులు జోడించి, "భాగీబెన్, కమాల్!" అన్నాడు. పదహారేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. హస్ముఖ్‌భాయ్‌కు కబురు పెట్టమన్నాడు.

భాగీరథి మాత్రం గుడ్డ మీది నుంచి చూపు తిప్పలేదు. చర్చి ఎడమ వైపున ఉంది.

ఫొటో తీసి పక్కన పెట్టింది. ఫొటోలో చర్చి కుడి వైపున. రెక్కల వెడల్పు కూడా అటుది ఇటు అయింది. గుడ్డ మీది మర గడియారం ముల్లు వెంట తిరుగుతోంది. ఉల్టా మర.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ముఖం కిందికి పెట్టి నేసే గుడ్డకు నక్షాను ఎడమ కుడి మార్చి గీయాలి. కానీ సూరత్‌లో ఎవరు మారుస్తారు? పువ్వుకు ఎడమేది, కుడేది? మామిడి పిందె మూతి ఇటు తిరిగితే ఏమి, అటు తిరిగితే ఏమి? నర్సింగం మార్చలేదు, ఆయన దగ్గర నేర్చిన భాగీరథీ మార్చలేదు, ఏ చీర కొన్నావిడా అడగలేదు. చీరల అలవాటు చేతిలో అలాగే ఉండిపోయింది.

దశరథాన్ని పక్కకు పిలిచి చూపించింది. అతని ముఖం పాలిపోయింది. "ఊకో, సప్పుడు చెయ్యకు. ఎవ్వలు జూస్తలేరు. నీ బల్ల నీకు దక్కుతది."

"గా ఊరోళ్ళు జూస్తరు."

"గాళ్ళు ఏడ, మనం ఏడ? తప్పు నాదే అని నువ్వే చెప్తే సేఠ్ ఇప్పుడే కత్తెర చేతికిస్తడు."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. నోరు మూసుకుంటే బల్ల ఉంటుంది. అక్కడ జూన్‌లో ఊరు ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని వచ్చి, గోడ మీద ఉల్టా తిరిగే మరను చూస్తారు. తమ్ముణ్ణి చంపిన మరను సూరత్ నుంచి కానుకగా పంపినట్టు అవుతుంది. బల్ల దగ్గర కూర్చున్న ప్రతి రోజూ ఆ గుడ్డ కళ్ళ ముందు ఆడదా? ఆమెకు భయం వేసింది, కోపం వచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా సిగ్గేసింది. హస్ముఖ్‌భాయ్ లోపలికి వచ్చేసరికి నేరుగా ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"భాయీ, ఇది ఉల్టా అయింది. తప్పు నాది. ఇది తీస్కపోకుండ్రి."

సేఠ్ అరిచిన అరుపు అరవై మగ్గాల మీదుగా వినబడింది. చలేగా, ఫరవాలేదు అన్నాడు, ఎవరూ చూడరన్నాడు, మూడు వేల అట్టలు మళ్ళీ కొట్టడానికి నెల పడుతుందన్నాడు. గుడ్డను తిరగేసి, "ఇదిగో, ఈ వైపు సరిగ్గానే ఉందిగా, ఇదే పెట్టుకోమను!" అన్నాడు. వెనక వైపు ఆకాశం నల్లగా, చర్చి తెల్లగా, దారాలు వేలాడుతూ దయ్యాల కొంపలా ఉంది. హస్ముఖ్‌భాయ్ దాన్ని చూసి, ముందు వైపు చూసి, కళ్ళజోడు తీసేశాడు. ఆయనకూ అప్పుడు కనబడింది.

"దీన్ని నేను ఆ ఊళ్ళో ఎలా విప్పుతాను?" అన్నాడు మెల్లగా. రేపు సాయంత్రానికి ఆయన ముంబై రైలెక్కాలి.

"బల్ల ఖాళీ చెయ్యి," అన్నాడు సేఠ్ భాగీరథితో.

ఆమె గదిలోకి వెళ్ళి పెన్సిళ్ళు సర్దడం మొదలుపెట్టింది. ఫొటోను కవరులో పెడుతుంటే అది చేతిలో తలకిందులుగా ఉంది. అలాగే చూస్తూ ఆగిపోయింది. తలకిందులు చేసిన ఫొటోలో, నీటి గుంటలోని నీడ లేచి నిటారుగా నిలబడింది. నీడలోని చర్చి ఎడమకు వచ్చింది. నీడలోని రెక్కలు ఉల్టా తిరుగుతున్నాయి. నీళ్ళలో బొమ్మ తలకిందులవుతుంది, దాన్ని తిప్పి నిలబెడితే ఎడమ కుడి మారిపోతుంది. సరైన మర ఇలా చేస్తే ఉల్టా అయినప్పుడు, ఉల్టా మర ఇలాగే చేస్తే సరి కావద్దూ?

గదిలోంచి పరుగున వచ్చింది. దశరథం ఏదో మగ్గం మీద తెగిన పేక తీయడానికి అట్టల గొలుసును చేత్తో వెనక్కి తిప్పుతున్నాడు, జాబర్లు రోజుకు ఇరవైసార్లు చేసే పని.

"ఏమయ్యా, గా గొలుసు మొత్తం గట్లనే ఎన్కకు నడుస్తదా? ఆఖరి అట్ట ముందు, మొదటి అట్ట ఆఖరుకు?"

"కొక్కెం మారిస్తె నడుస్తది. ఎందుకు?"

"అట్టలు మల్ల కొట్టుడు లేదు. మర నెత్తి నుంచి కిందికి నేస్తం, నీళ్ళల్ల నీడలెక్క. కోసినంక గుడ్డను తిప్పి నిలవెడ్తం. ఎడమది కుడికి అదే వస్తది!"

దశరథం పానా కింద పెట్టి గాలిలో చేయి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత మగ్గం మీదికి ఎక్కాడు.

మర్నాడు ఉదయం ఆ మగ్గం చుట్టూ ఉన్నంత జనం ఆ కార్ఖానా దీపావళి పూజకు కూడా రాలేదు. సేఠ్ దూరంగా నిలబడ్డాడు, నమ్మకం లేక కాదు, నమ్మినట్టు కనబడడం ఇష్టం లేక. మగ్గం కదిలింది. మొదట ఆకాశం వచ్చింది, తర్వాత రెక్కల కొసలు, తర్వాత మర కప్పు, ఇటుకలు, గడ్డి, అన్నిటికీ ఆఖరున నీటి గుంట. దశరథం కోశాడు. భాగీరథి రెండు మూలలు పట్టుకుంది, బడి ఎగ్గొట్టి వచ్చిన రుచిత రెండు మూలలు. తిప్పి, పైది కిందికి చేసి, ఎత్తి పట్టుకున్నారు.

చర్చి కుడి వైపున ఉంది. నాలుగు రెక్కలూ ఎడమ వైపుకు తిరగడానికి సిద్ధంగా ఉన్నాయి.

హస్ముఖ్‌భాయ్ ఏడ్చేశాడు. దశరథం, "నా పెండ్లాం!" అని అరిచాడు, ఆ తర్వాత సిగ్గుపడి పానా కోసం వెతుక్కున్నాడు. సేఠ్ గొంతు సవరించుకుని, "ప్యాక్ చేయండి," అని మాత్రం అన్నాడు. బల్ల ఊసు ఎత్తలేదు. ఖాళీ చేయమన్న మాట వెనక్కి తీసుకోనూ లేదు. మార్చి వచ్చింది, ఏప్రిల్ వచ్చింది. భాగీరథి రోజూ వచ్చి బల్ల ముందే కూర్చుంది, లేవమని ఎవరైనా అంటారేమోనని రోజూ గుమ్మం వైపు చూస్తూనే ఉంది.

జులైలో ఎల్డర్‌వెల్ నుంచి కవరు వచ్చింది. ఇంగ్లీషు ఉత్తరం కనక సేఠ్ రుచితను పిలిపించాడు, భాగీరథిని పిలవకపోయినా ఆమె వెంట వచ్చింది. ఊరి చరిత్ర సంఘం వాళ్ళు రాశారు. మరను చివరిగా నడిపిన మనిషి కూతురు ఇంకా ఉంది, తొంభై ఒక్క ఏళ్ళు. హాల్లో తెర తీసినప్పుడు చక్రాల కుర్చీలోంచి లేచి నిలబడి, గుడ్డ దగ్గరికి వెళ్ళి, వేలితో ఒక్కో రెక్కనూ తడిమి, "ఇది మా నాన్న మరే. సరైన వైపుకే తిరుగుతోంది" అందట. ఊరంతా చప్పట్లు కొట్టిందట. ఉత్తరంతో పాటు వచ్చిన ఫొటోలో గుడ్డ కింద ఇత్తడి పలక ఉంది. దాని మీద, నక్షా గీసినది భాగీరథి, నేసినది దశరథం, సూరత్ అని ఉంది. సేఠ్ కళ్ళజోడు పెట్టుకుని పలకను చాలాసేపు చూశాడు. ఆయన పేరు ఎక్కడా లేదు.

"ఇంకా ఉంది," అంది రుచిత. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో గాలిమరలు ఉన్నాయి. ఆ నాలుగు ఊళ్ళవాళ్ళూ వచ్చి చూసి తమకూ కావాలన్నారు. షరతు ఒక్కటే, నక్షా ఆ చేతితోనే గీయాలి.

సేఠ్ ఆపరేటర్‌ను పిలిచి, మెట్ల కింది బల్లను పైకి తెచ్చి ఏసీ గదిలో కిటికీ పక్కన వేయించమన్నాడు. "నువ్వు కూడా ఆమె పక్కన కూర్చుని నేర్చుకో," అని అతనికి చెప్పి, భాగీరథి వైపు తిరిగాడు. "బెన్, ఇంక ఆ బల్ల నీదే. నువ్వు వద్దనేదాకా నీదే. మొదటి నక్షా ఎప్పుడు మొదలుపెడతావు?"

భాగీరథి పదహారేళ్ళలో మొదటిసారి, అడగకుండానే, సేఠ్ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ముందు నువ్వు జర ఉత్తరం రాయి సేఠ్. నాలుగు మరలు ఏ దిక్కుకు తిరుగుతయో ఒక్కొక్కటి అడిగి తెలుసుకో. గది వచ్చినంకనే పెన్సిల్ పడ్త."

ధన్‌సుఖ్ సేఠ్ కంప్యూటర్ ముందు కూర్చుని, రుచిత చెబుతుంటే ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ ఉత్తరం కొట్టడం మొదలుపెట్టాడు.